కంచె అవతలి ఆకు

నాకు కోపం ఎక్కువ. నా భార్య చెబుతుంది, నా దగ్గర పనిచేసిన ప్రతి వెల్డరూ చెబుతాడు, నేనూ కాదనను. కాబట్టి ఆ మే నెల ఉదయం వెల్డరు రమదాన్ వచ్చి, "మేస్త్రీ, ఎవరో ముసలావిడ మన దారికి అడ్డంగా కూర్చుంది, ఎంత చెప్పినా లేవట్లేదు" అన్నప్పుడు తాగుతున్న కాఫీ అక్కడే పారబోసి లేచాను.

మేం కడుతున్నది సరిహద్దు కంచె. ఎవ్రోస్ నదికి ఇవతల, కరకట్ట మీదుగా, అయిదు మీటర్ల ఎత్తున ఇనుప కమ్మీలు. నదికి అవతల టర్కీ. కట్టకూ నదికీ నడుమ అర కిలోమీటరు లంక పొలం. శీతకాలంలో వరదొస్తే ఆ లంక మొత్తం నదే, అందులో ఏ స్తంభం పాతినా నిలవదు. అందుకే కంచె కట్ట మీదకి వచ్చింది, లంక కంచె అవతలికి పోయింది. కాగితం మీద చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు. మా వంతు పని అంతా అయిపోయి ఇంకొక్క నలభై మీటర్ల సందు మిగిలింది. ఆ సందు మధ్యలో గోనెసంచి పరుచుకుని, పక్కన చేతిబండి నిలబెట్టుకుని సిర్మో అత్త కూర్చుని ఉంది.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. మా ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళందరూ అందరికీ అత్తలే.

"ఏంటత్తా ఇది? లే, లే. క్రేను రావాలి ఇక్కడికి."

"రానీ. నా మీంచి రానీ."

"పొద్దున్నే నాతో పెట్టుకోకు, చెప్తున్నా."

"నీతో నాకేంట్రా పాస్కాలీ! చెడ్డీ లేకుండా తిరిగినప్పట్నించీ చూస్తున్నా నిన్ను. నాకు ఎనిమిది రోజులు కావాలి. ఎనిమిదంటే ఎనిమిదే. తర్వాత ఆకాశం దాకా కట్టుకో, నేనొచ్చి అడిగితే ఒట్టు."

రమదాన్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

సంగతేమిటంటే, ఆవిడ పట్టుపురుగులు పెంచుతోంది. ఒకప్పుడు మా సుఫ్లీ చుట్టుపక్కల పురుగుల్లేని ఇల్లు లేదు. మా అమ్మ కూడా ఏప్రిల్ వస్తే గుడ్ల పొట్లం రొమ్ముల మధ్య పెట్టుకుని ఆ వెచ్చదనంతోనే వాటిని పొదిగేది. ఆ పది రోజులూ మమ్మల్ని గట్టిగా హత్తుకునేది కాదు. తర్వాత మిల్లులు మూతపడ్డాయి, మల్బరీ తోటలు కొట్టేసి పత్తి వేశారు. సిర్మో అత్తకు మిగిలింది లంకలో పదకొండు చెట్లు. పురుగు తన బతుకులో నాలుగుసార్లు, కుబుసం విడవడానికి, నిద్రపోతుంది. నాలుగో నిద్ర లేచాక ఎనిమిది రోజులు ఆపకుండా తింటుంది, అంతకు ముందు నెలంతా తిన్నదానికి ఎన్నో రెట్లు తింటుంది. ఆవిడ పురుగులు మర్నాడు ఆ నిద్ర లేవబోతున్నాయి.

"ఊళ్ళో లేవా మల్బరీ చెట్లు?" అన్నాను.

"ఉన్నాయి. దోమల మందు కొట్టని చెట్టు ఒక్కటి చూపించు, నీ కాళ్ళకి దండం పెడతా."

చూపించలేకపోయాను. నది పక్క ఊరు, దోమలకు మందు కొట్టకపోతే బతకలేం.

నిజానికి అక్కడ గేటు రావాలి. వచ్చింది కూడా. తీరా నిలబెట్టి చూస్తే చట్రం ఒక జాన తక్కువ. తిప్పి పంపించాం. కొత్తది వచ్చేసరికి రెండు వారాలు, అప్పటిదాకా ఆ చోట మామూలు కమ్మీలే బిగించమన్నారు. ఇంకో గేటు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంది, అదీ వారానికి రెండు రోజులే తెరుస్తారు.

మా ఇంజనీరు ఎవ్‌జెనియా వచ్చింది. పాత్రాస్ నుంచి వచ్చిన పిల్ల, ముప్పై కూడా ఉండవు, ఎప్పుడూ చేతిలో ఫోను. "పాస్కాలిస్ గారూ, సాయంత్రం ఆరింటికి లైను మూసి ఫొటో పంపాలి. నాలుగు పురుగుల కోసం ఎందుకండీ గొడవ? ఆవిడకి పట్టు రుమాలు కావాలంటే నేనే కొనిస్తా" అంది.

సిర్మో అత్త మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, నాతో, "నువ్వు రా. ఒక్కడివే రా" అంది.

ఇల్లు కట్ట కింద, రెండు నిమిషాల నడక. పురుగుల గది తలుపు మూసి ఉంది. పరాయివాళ్ళను లోపలికి రానివ్వరు, దిష్టి తగులుతుందని. ఆ తలుపు పక్కనే వాలుకుర్చీలో ఆవిడ భర్త అర్గిరిస్ మామ ఉన్నాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపంతా చచ్చుబడింది, మాట కూడా పోయింది. రోజు మొత్తానికి ఒకటో రెండో మాటలు, అవి కూడా పళ్ళు పీకినంత కష్టంతో. నన్ను గుర్తుపట్టి ఎడమచెయ్యి ఎత్తాడు. ఎంత మనిషి! వరదలో గేదె దూడను భుజాన వేసుకుని ఈదుకొచ్చిన మనిషి.

"నిద్రే లేకుండా పోయిందిరా ఈయనకి," అంది అత్త, వాకిట్లోకి తీసుకెళ్ళి. "రాత్రంతా కళ్ళు తెరుచుకుని కప్పు చూస్తూ ఉంటాడు. మందులు వేశాం, ఏం లాభం లేదు. పోయిన మేలో ఊరికే కాలక్షేపానికి గుప్పెడు గుడ్లు తెచ్చా. పురుగులు ఆఖరి మేత మొదలెట్టాయా, ఆ చప్పుడు ఉంటుంది చూడూ, వాన పడుతున్నట్టు... పసిపిల్లాడిలా పడి నిద్రపోయాడు. ఎనిమిది రాత్రులూ."

"వానంటే అంత ఇష్టమా మామకి?"

"పిచ్చోడా, వాన పడితే మాకెవరికి నిద్రుంటుందిరా? నది ఎంతెక్కిందో చూడ్డానికి లాంతరు పట్టుకుని కట్టెక్కి కూర్చునే బతుకులు మావి. ఈయన ఆయుష్షులో సగం ఆ కట్ట మీదే పోయింది. ఈ వానకైతే నది పొంగదు కదా."

నేను వాకిట్లోంచే మామ కుర్చీ వైపు చూశాను.

"మార్చిలో డాక్టరు చెప్పేశాడు," అంది ఇంకా గొంతు తగ్గించి. "వచ్చే వసంతం చూడడంట. ఈ ఒక్కసారికీ ఆ వాన వినిపించనీరా, పాస్కాలీ."

వెళ్ళి ఇంజనీరుకు చెప్పాను. గట్టిగానే చెప్పాను, అరిచాను కూడా. ఆ పిల్ల మొహం చిన్నబోయింది, ఎవరికో ఫోను చేసింది, ఇంకెవరికో చేసింది. చివరికి తల అడ్డంగా ఊపింది. సాయంత్రం ఆరింటికి ఆఖరి కమ్మీ నా చేత్తోనే నిలబెట్టాను. నేను కట్టకపోతే ఇంకొకడు కడతాడు అని నాకు నేనే చెప్పుకున్నాను, ఇలాంటి పనులు చేసేవాళ్ళందరూ చెప్పుకునే మాటే. సిర్మో అత్త అంతసేపూ అక్కడే నిలబడి చూసి, ఖాళీ చేతిబండి తిప్పుకుని వెళ్ళిపోయింది. నాలుగు బూతులు తిట్టినా బాగుండేది.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నా భార్య ఏమైందని అడిగితే ఆవిడ మీద అరిచాను. మర్నాడు పొద్దున్నే కమ్మీలకు రంగు వేయించడానికి లంక వైపు వెళ్ళాను. నది వంపు దగ్గర యంత్రాలు తిరిగే దారి ఇంకా తెరిచే ఉంది, జాబితాలో పేరున్న పనివాళ్ళను మాత్రం వదులుతారు. కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. కమ్మీకీ కమ్మీకీ మధ్య బెత్తెడు సందు. మనిషి పట్టడు, మేక కూడా పట్టదు. కొమ్మ పడుతుంది.

"రమదాన్! రంపం తే!" అని అరిచాను.

ఎండ పడి ఆకు మీద మంచు ఆరగానే ఇద్దరం చెట్లెక్కాం. కొమ్మలు కోసి, కట్టకు లాక్కొచ్చి, ఒక్కొక్కటే సందులోంచి అవతలికి తోశాం. మా అరుపులకు సిర్మో అత్త వచ్చి అవతల నిలబడి అందుకుంది. మొదటి కొమ్మ అందుకుని ముద్దు పెట్టుకుంది. నన్ను మాత్రం ఇంకా పలకరించలేదు.

పదకొండింటికి ఎవ్‌జెనియా వచ్చి చూసింది. నేను చెట్టు మీదున్నాను. గొడవకు సిద్ధమై నోట్లో నాలుగు మాటలు కూర్చుకున్నాను కూడా. ఆ పిల్ల కంచె పొడవునా ఒకసారి చూసి, "మనుషులెవ్వర్నీ దాటనివ్వొద్దని రాసుంది. ఆకుల గురించి ఏమీ రాసి లేదు" అని తన దారిన తను వెళ్ళిపోయింది. కోపం సిద్ధం చేసుకున్నాక వాడే అవకాశం రాకపోతే మనిషి ఎంత వెర్రివాడిలా కనిపిస్తాడో రమదాన్ నన్ను చూసి నేర్చుకుని ఉంటాడు.

రెండు రోజులు బాగా సాగింది. రొట్టె, ఆలివ్‌లు, గుమ్మడికాయ కూరిన పిండివంట కమ్మీల సందులోంచి మా వైపు వచ్చేవి, కొమ్మలు అటు వెళ్ళేవి. మామ రాత్రి ఆరు గంటలు నిద్రపోయాడని అత్త చెప్పింది, రమదాన్‌కి చెప్పింది, నాకు వినపడేలా.

మూడో రోజు ఉదయం ఆవిడ చేతిబండి లేకుండా వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. అరచేతిలో మూడు పురుగులు, తలలు అటూ ఇటూ విదిలిస్తూ, నోట్లోంచి పచ్చటి రసం కారుస్తూ.

"చేతులివ్వు," అంది నాతో.

సందులోంచి రెండు చేతులూ పెట్టాను. ఆవిడ నా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"రోజుకి ఎన్ని తాగుతావురా?"

అప్పుడు గుర్తొచ్చింది. పొగాకు పట్టుపురుగుకు విషం. సిగరెట్టు తాగిన చేత్తో ఆకు ముట్టుకుంటే చాలు. మే నెల వచ్చిందంటే మా నాన్న వాకిలి బయట, జోరున వాన పడుతున్నా సరే, అక్కడే పొగ తాగి, వెనిగర్‌తో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుంటే తప్ప మా అమ్మ గడప ఎక్కనిచ్చేది కాదు. పట్టుపురుగుల ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి. రోజుకు రెండు పెట్టెలు కాల్చే వేళ్ళతో ఆ కొమ్మలన్నీ ఏరి ఏరి అందించాను.

"ఎన్ని పోయాయి?" అన్నాను.

"రెండు తట్టల పురుగులు. ఆరు తట్టల్లో."

"తిట్టత్తా. నీకు పుణ్యముంటుంది, తిట్టు."

"తిట్టి ఏం చెయ్యను?" అంది. కళ్ళు తుడుచుకుంది. "రాత్రి చప్పుడు తగ్గిందని ఆయన లేచి కూర్చున్నాడు. తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు."

నాకు ఏడుపొచ్చింది. యాభై రెండేళ్ళ మేస్త్రీని, పనివాళ్ళ ముందు, కంచె పట్టుకుని ఏడ్చాను. రమదాన్ పాపం ఏం చెయ్యాలో తెలియక నా వీపు మీద చెయ్యి వేశాడు. క్సాంథి కొండల్లో వాళ్ళదంతా పొగాకు సాగే, కానీ వాడు సిగరెట్టు ముట్టడు. "మేస్త్రీ, ఇవాళ్టికి నేను కోస్తాలే, మీరు కింద కూర్చోండి" అన్నాడు.

వాడొక్కడి వల్ల అయ్యే పని కాదు. పురుగుల మేత రోజురోజుకూ పెరుగుతుంది. జేబులోని సిగరెట్లు తీసి రమదాన్ చేతికిచ్చాను. వాడు వాటిని తీసుకెళ్ళి నదిలో పడేశాడు, దాచమంటే పడేశాడు, ఆ సంగతి ఇప్పటికీ మరచిపోలేదు. మర్నాటి నుంచి రోజూ నేను వెనిగర్‌తో మోచేతుల దాకా కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు సందులో పెట్టడం. అత్త వంగి వాసన చూడడం. "ఊఁ, ఎక్కు చెట్టు" అనడం. ఆ అయిదు రోజులూ నా కోపం ఎలా ఉండేదో అడక్కండి. ఒక తాపీవాడు నాకు భయపడి మధ్యాహ్నం భోజనం లారీ కింద కూర్చుని తిన్నాడు.

ఆరో రోజు నిజం వాన పడింది. తడి ఆకు పెడితే పురుగుకు విరేచనాలు పట్టి చచ్చిపోతుంది. కోసిన కొమ్మలు నీళ్ళు కారుతున్నాయి, మేం కూడా కారుతున్నాం. ఎవ్‌జెనియా తన రేకు డబ్బా ఆఫీసు తలుపు తెరిచి, "ఫైళ్ళు పక్కకి జరపండి, ఫ్యాన్ పెట్టండి. చూస్తారేంటి?" అంది. కొమ్మల్ని తాళ్ళకు వేలాడదీసి ఆరబెట్టాం. ఆ పిల్ల తన మెడలోని కండువా తీసి ఒక్కో ఆకూ తుడుస్తూ కూర్చుంది. రుమాలు కొనిస్తానన్న పిల్ల. నేను ఆ మాట ఎత్తి ఏడిపిద్దామనుకున్నాను గానీ, ఎందుకో మనసు రాలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం అత్త కంచె దగ్గరకు వచ్చి, "ఇవాళ్టితో పండిపోతాయి. రేపటికి కొమ్మలెక్కి గూళ్ళు కట్టుకుంటాయి. నువ్వు రా" అంది.

"లోపలికా? దిష్టి తగలదూ?"

"ఈ నాలుగు తట్టల్నీ మేపింది ఎవర్రా? నీ దిష్టి నీకే తగలాలి. రా."

యంత్రాల దారి చుట్టి వెళ్ళేసరికి అరగంట పట్టింది. చెప్పులు బయట విడిచాను. గది చీకటిగా, వెచ్చగా ఉంది. అంతస్తులుగా నాలుగు తట్టలు, వాటి మీద ఆకు కనపడకుండా పురుగులు, చిటికెన వేలంత లావు, తెల్లగా. ఆ చప్పుడు నేను ముప్పై అయిదేళ్ళుగా వినలేదు. పెంకుల మీద సన్నటి వాన, ఒకే తీరుగా, ఆగకుండా. అత్త మామ కుర్చీని గదిలోకే జరిపింది. ఆయన తల పక్కకు వాలి ఉంది, నోరు కొంచెం తెరుచుకుంది, గురక వస్తోంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి గురక. నేను నేల మీద కూర్చున్నాను. మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, అత్త లేపి సూప్ తాగమన్నప్పుడు నేనూ నిద్రపోయి ఉన్నానని తెలిసింది.

మర్నాటికి పురుగులు ఎండు కొమ్మలెక్కాయి. గది నిశ్శబ్దమైపోయింది.

మరో వారానికి గేటు వచ్చింది, ఈసారి కొలత సరిపోయింది. నిలబెట్టి, తాళం అధికారులకు అప్పగించాం. వాళ్ళు ఒక బోర్డు తగిలించారు: మంగళ, శుక్రవారాల్లో, తొమ్మిది నుంచి పదకొండు వరకు. సిర్మో అత్త కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివింది.

"అయితే పురుగులకి మంగళవారం అంటే ఏంటో నేర్పించాలన్నమాట," అంది. ఎవరూ నవ్వలేదు. తనే కాస్త నవ్వి వెళ్ళిపోయింది.

యంత్రాల దారి మూసే ముందురోజు నేనూ రమదానూ లంకలోకి వెళ్ళి పదకొండు చెట్ల నుంచీ నలభై కొమ్మలు కోసి తెచ్చాం, బొటనవేలి లావువి, ఆకు దూసి. ఆదివారం స్తంభాల గుంటలు తవ్వే డ్రిల్లు బండి వేసుకుని అత్త పెరట్లోకి వెళ్ళాను. ఆ బండి చప్పుడుకు ఆవిడ పరుగున బయటికొచ్చింది.

"ఓరి దేవుడా! మొక్కలు నాటుతావా, నన్ను పాతిపెడతావా? తీసెయ్ దాన్ని, కోళ్ళు చచ్చిపోతాయి!"

బండి వెనక్కి పంపి గునపం పట్టుకున్నాం. మామ కుర్చీని చూరు కిందికి తెచ్చారు. ఒడిలో ఒక గిన్నె, గిన్నెలో తెల్లటి పట్టుగూళ్ళు. ఎడమచేత్తో వాటిని మెల్లగా దొర్లిస్తూ మమ్మల్ని చూస్తున్నాడు.

"ఇది నాటే కాలం కాదురా," అంది అత్త. "చలికాలం చివర్లో నాటాలి. నలభై పెడితే నాలుగు బతుకుతాయేమో."

"నాలుగు చాలత్తా. కట్టకి ఇవతల, నీ పెరట్లో. తాళం లేదు, మంగళవారం లేదు."

గోడ వారగా వరసగా పాతుకుంటూ పోయాం. చివరి కొమ్మ చుట్టూ మట్టి తొక్కి, నడుం నిటారు చేసి, చెమట తుడుచుకుంటూ, "మూడేళ్ళు ఆగితే చాలు, నాలుగు తట్టలకీ సరిపడా ఆకు ఇస్తాయి" అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. రమదాన్ గునపం వంక చూస్తున్నాడు. అత్త గౌను మీద లేని దుమ్ము దులుపుకుంటోంది. మూడేళ్ళట! ఎవరి ముందు ఏం మాట్లాడుతున్నానో చూసుకోవద్దూ? నా నోటికి సమయం సందర్భం ఉండవు, ఎప్పుడూ ఇంతే.

అర్గిరిస్ మామ ఆ మోడు కొమ్మల వరస వంక చూశాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఒక్కొక్క దాని దగ్గరా ఆగి ఆగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి, ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. అత్త ఆయన దగ్గరకు వెళ్ళబోతే ఎడమచేత్తో ఆగమన్నాడు.

"నీళ్ళు," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "పొయ్యండి."

సిర్మో అత్త బకెట్ అందుకుని కుళాయి దగ్గరకు పరిగెత్తింది.